సిమెంటు ఇటుకల షెడ్డు వెనక, ఫ్రీజర్ల అరబా

రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి వెళ్ళాక, టకొరాడి ఊళ్ళోని ఎఫియాకుమా పేటలో అరబా క్వాన్సా కొట్టు ఎత్తేసిందని చాలామంది అనుకున్నారు. ఎత్తేయలేదు. పాత టైర్ల షెడ్డుకు ఎదురుగా, రోడ్డు వైపు మొహం పెట్టి ఉన్న రేకుల కొట్టును విప్పించి, లోపలి సందులో సిమెంటు ఇటుకలు పోసే షెడ్డు వెనక మళ్ళీ నిలబెట్టించింది. రోడ్డు మీద నిలబడి పిలిస్తే పలికేంత దూరమే. అయినా దారిన పోయేవాళ్ళకు ఇటుకల గుట్టలు కనపడతాయి తప్ప అరబా కనపడదు. ఆ పాత టైర్ల షెడ్డు కూడా ఏనాడో పోయింది. పోయినా టాక్సీవాళ్ళకూ జనాన్ని ఎక్కించుకునే ట్రోట్రో బండ్ల వాళ్ళకూ ఆ మలుపు ఇప్పటికీ పాత టైర్ల షెడ్డే.

అరబా డీప్ ఫ్రీజర్లు బాగుచేస్తుంది. టకొరాడిలో చేపలమ్మే ఆడవాళ్ళకు ఫ్రీజరు అంటే ఇంట్లో పెద్దకొడుకు లెక్క. అది మూలిగితే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. అరబా తల్లి కూడా సెకొండి రేవులో చేపలమ్మిన మనిషే. ఒక ఎండాకాలం ఆమె ఫ్రీజరు ఆగిపోయింది. తల్లి తమ్ముడు క్వామెనా వచ్చి, ఫ్రీజరును గోడ నుంచి ఇవతలికి జరిపి, సబ్బు నురగ కలిపి రాగి గొట్టం పొడవునా పూసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిల్ల అరబా కూడా పక్కన చతికిలబడింది. కాసేపటికి ఒకచోట నురగలోంచి చిన్న బుడగ లేచింది. "అదుగో, దాని నోరు అక్కడుంది," అన్నాడు క్వామెనా మావయ్య. ఆ బుడగను చూసిన రోజే అరబాకు తను ఏం పని చేస్తుందో ఖాయమైపోయింది. ఇంట్లోవాళ్ళు కుట్టుపని నేర్చుకోమన్నారు, జడలల్లే దుకాణంలో చేరమన్నారు. ఆమె వెళ్ళి మావయ్య కొట్టు గడపలో కూర్చుంది.

మావయ్య తేలిగ్గా నేర్పే రకం కాదు. కంప్రెసర్ మీద అరచెయ్యి ఆనించి, దాని రొద విని, లోపల గ్యాస్ తక్కువైందా ఎక్కువైందా చెప్పగలిగేదాకా మంట గొట్టం చేతికివ్వలేదు. నోటితో చెప్పింది తక్కువ, చేసి చూపించింది ఎక్కువ. ఆయన పోయాక, మేనమామ ఆస్తి అక్కచెల్లెళ్ళ పిల్లలకు పోయే లెక్కన, కొట్టు అరబాకు వచ్చింది. కొట్టుతోపాటు బోర్డూ వచ్చింది. 'ఆయన వేళే మేలు ఎంటర్‌ప్రైజ్' అని ఎర్రటి అక్షరాలు. ఫ్రీజరు అన్న మాట అందులో ఎక్కడా లేదు. నేనేం చేస్తానో ఊరికి తెలుసు, బోర్డు దేవుడికి దండం పెట్టడానికి, అనేవాడు మావయ్య. ఆ వీధిలో అందరిదీ అదే పద్ధతి. గాజు పలకలవాడు, జుట్టు దుకాణం ఆమె, బ్యాటరీలవాడు, అందరూ బోర్డుల మీద దేవుణ్ణే పలకరిస్తారు.

మొదట్లో ఆడమనిషి అతికిన గొట్టం నిలుస్తుందా అని అడిగినవాళ్ళున్నారు. నిలవకపోతే చేపలతోపాటు నన్నూ అమ్మేసుకోండి అనేది అరబా. గొట్టాలు నిలిచాయి. మనుషులూ నిలిచారు. రోడ్డు పని వచ్చేదాకా.

సందులోకి మారాక వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు, తర్వాత ఆ సగమూ పలచబడింది. పాతవాళ్ళలో కొందరు టైర్ల షెడ్డు మలుపు దాకా వచ్చి, కొట్టు లేకపోవడం చూసి, పక్కవాళ్ళను అడగడానికి మొహమాటపడి వెనక్కి వెళ్ళిపోయారట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో తెలిసి అరబాకు కడుపు మండింది. సరిగ్గా అప్పుడే దూరాన ఉన్న రేవు ఊరు టెమాలో ఒక పెద్ద చేపల కోల్డ్ స్టోర్ నుంచి కబురు వచ్చింది. అక్కడి మేనేజరు అంక్రా ఒకసారి టకొరాడి వచ్చినప్పుడు ఆమె పని చూశాడు. నెలజీతం, పని బట్టలు, ఉండటానికి గది. కావలసిందల్లా ఆమె ఒప్పుకోవడం, వానలు మొదలయ్యేలోపు ఏ సంగతో చెప్పడం.

జీతం చేదు కాదు. కానీ టెమా వెళ్ళడమంటే మావయ్య కొట్టుకు తాళం వేయడమే. తనకు తోచిన వేళకు తెరిచి, తనకు తోచినట్టు పని చేసి, అతుకు నచ్చకపోతే ఊడదీసి మళ్ళీ అతికే హక్కుకు కూడా తాళం వేయడమే. ఆమె అవుననలేదు, కాదనలేదు. వానల్లోపు చెప్తాను సార్ అంది.

అదే వారం ఫీఫీ దగ్గరికి వెళ్ళింది. మార్కెట్ సర్కిల్ వెనక ఫీఫీకి అచ్చు కొట్టుంది. చనిపోయినవాళ్ళ ఫోటోలతో పెద్ద పెద్ద చావు పోస్టర్లు వేయడం అతని అసలు పని. వెబ్‌సైట్లు చేయడం కొసరు. సంగతంతా విని, ఇప్పుడు జనం దారి అడిగేది మనుషుల్ని కాదక్కా, ఫోన్‌ని, అన్నాడు. వెబ్‌సైటు చేసిపెట్టాడు, మ్యాపులో గుర్తు పెట్టాడు. సైటు తెరిస్తే నీలం బట్టలు వేసుకున్న తెల్లవాళ్ళిద్దరు నవ్వుతూ స్పానర్లు పట్టుకుని నిలబడ్డారు. కింద, నాణ్యతే మా ఊపిరి, మీ సంతృప్తే మా ధ్యేయం, అని రాసి ఉంది. అరబా ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"వీళ్ళెవరు తమ్ముడూ?"

"ఊరికే, అందానికి."

"వీడు స్పానరు తిరగేసి పట్టుకున్నాడు."

ఫీఫీ నవ్వి, ఎవరూ అంత దగ్గరగా చూడరులే అన్నాడు. ఎవరూ చూడని మాట నిజమే, అసలు ఆ సైటు దగ్గరికి వస్తే కదా చూడటానికి. అరబా మార్కెట్లో ఒక చేపలావిడ ఫోన్ తీసుకుని, ఫ్రీజరు బాగుచేసేవాళ్ళు అని వెతికించింది. పైన ఫిజై పేట అవతలి పెద్ద దుకాణం వచ్చింది. తర్వాత ఎప్పుడో మూసేసి మనిషి కుమాసి వెళ్ళిపోయిన కొట్టు వచ్చింది. ఎంత కిందికి తోసినా అరబా లేదు. మూసేసిన కొట్టు కన్నా తెరిచిన కొట్టు వెనకబడిందేమిటి అని ఆమె ఫీఫీని నిలదీసింది. మెచ్చుకుంటూ రాసేవాళ్ళుంటే పైకొస్తామక్కా అన్నాడతను. నక్షత్రాలు కావాలట, మాటలు కావాలట.

మాటలే కదా కావలసింది అనుకుంది అరబా. మాటలకు వాళ్ళ చర్చిలో కరువెక్కడిది?

ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రకటనల వేళ, ఆడవాళ్ళ సంఘానికి పెద్ద అయిన ఎకువా అత్త లేచింది. చేపల వ్యాపారంలో ఆమె మాట రేవు మొత్తం చెల్లుతుంది. మన అరబాకు కష్టం వచ్చింది, అందరూ ఫోన్లు తీయండి, అంది. తెల్లబట్టల ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఫోన్లు తీశారు. ఫోన్లో డబ్బులు వేసుకోనివాళ్ళకు పాస్టరుగారు తన ఇంటర్నెట్టు ఇచ్చారు. తెలియనివాళ్ళకు తెలిసినవాళ్ళు చూపించారు. అందరూ ఐదేసి నక్షత్రాలు కొట్టారు. దేవుడు నిన్ను దీవించుగాక అని ఒకరు, ఈ బిడ్డకు దక్కిన కృపలో నాకూ పాలు దక్కాలి అని ఇంకొకరు, ఆమెన్ అని చాలామంది. రాసినవాళ్ళలో సగంమందికి ఫ్రీజరే లేదు. బయటికొస్తూ అరబా ఒక్కొక్కరికీ చేతులు పట్టుకుని దండాలు చెప్పింది. కళ్ళు చెమర్చాయి కూడా. ఒక మనిషి కోసం ఇంతమంది లేచి నిలబడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

రెండు రోజులు పోయాక ఫీఫీ ఫోన్ చేశాడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. మ్యాపులో అరబా గుర్తు లేదు. ఇంతకుముందు వెతికితే దొరక్కపోయినా గుర్తన్నా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. ఒకే చోటు నుంచి, ఒకే పూట, అన్నీ ఒకే రకం పొగడ్తలు వచ్చి పడేసరికి, ఇది నిజం కొట్టు కాదని మ్యాపు నడిపే యంత్రానికి అనుమానం వచ్చి చెరిపేసింది. అలాంటి కొట్టు నిజంగా ఉందని చూపించుకోమంది. పొగడ్తల సంగతి కూడా చక్కబెట్టుకోమంది.

"నువ్వెప్పుడైనా ఇలా అవుతుందని చెప్పావా?" అంది అరబా.

"నాకు తెలిస్తే కదక్కా చెప్పడానికి. పోస్టర్లు వేసేవాణ్ణి. చచ్చినవాళ్ళ గురించి ఎంత పొగిడి రాసినా ఎవరూ ఏమీ అనరు."

ఆమెకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రోజు పని లేదు. కొట్టు గడపలో కూర్చుని ఇటుకలు పోసేవాళ్ళను చూస్తూ ఆలోచించింది. ఫ్రీజరు చల్లబడకపోతే గ్యాస్ పోసేసి పొమ్మంటారు చాలామంది. కన్నం ఎక్కడుందో చూడకుండా గ్యాస్ పోస్తే నాలుగు రోజులు చల్లబడి మళ్ళీ మొదటికొస్తుంది. తను చేసిందీ అదే. జనం తనను కనుక్కోలేకపోవడానికి కారణం ఎక్కడుందో చూడకుండా పైనుంచి పొగడ్తలు పోయించింది. మావయ్య చూసి ఉంటే తల మీద మొట్టేవాడు.

మర్నాడు ఫీఫీ కొట్టుకు వచ్చాడు. ఇద్దరూ సైటును గొట్టం తడిమినట్టు మొదటి నుంచి చివరిదాకా తడిమారు. ఎక్కడెక్కడ కారిపోతోందో ఒక్కొక్కటే బయటపడింది. అందులో ఫ్రీజరు అన్న మాటే లేదు. ఉన్నదల్లా నాణ్యత, సంతృప్తి, దేవుడి వేళ. చెరిపేయకముందు మ్యాపులో పెట్టిన గుర్తు కూడా పాత చోటుదే. చిరునామాగా గోడ మీద ప్రభుత్వంవాళ్ళు కొట్టిన పలకలోని అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. ఆ పలక కేసి ఇంతవరకు ఏ టాక్సీవాడూ తలెత్తి చూసింది లేదు. ఫోన్ నంబరు సైటులో ఒకటి, మ్యాపులో ఇంకొకటి.

తెల్లవాళ్ళను తీసేశారు. ఫీఫీ అరబా చేతుల ఫోటోలు తీశాడు. సబ్బు నురగ పూస్తున్నవి, రాగి అతుకుతున్నవి, కాలిన కంప్రెసర్ పక్కన కొత్తది పెట్టినవి. ఇక మాటలు. ఏం రాయాలి అని అతను వేళ్ళు ఆడిస్తూ అడిగాడు. చేపలవాళ్ళు ఫోన్ చేసి ఏమడుగుతారో అదే రాయి అంది ఆమె.

అదే సమయానికి కరెంటు కోతల జబ్బు, దుమ్‌సోర్ మళ్ళీ పట్టుకుంది. కరెంటు ఏ వేళ పోతుందో ఏ వేళ వస్తుందో తెలియదు. వచ్చేటప్పుడు ఊరికే రాదు, ఎగిరి గంతేసి వస్తుంది. అందుకని అరబా చెప్పగా చెప్పగా ఫీఫీ రాశాడు: కరెంటు పోగానే ఫ్రీజరు తీగ ఊడదీయండి. మూత తెరిచి చూడకండి, చూస్తే చేప బాగుపడదు. చేపల మధ్య ఖాళీ లేకుండా సర్దండి. కరెంటు వచ్చిన వెంటనే తీగ పెట్టకండి, కూర్చుని ఒక ముద్ద కెంకీ తినండి, తిన్నాక పెట్టండి. పెట్టినా రొద వస్తూ చల్లబడకపోతే నాకు ఫోన్ చేయండి. ఎఫియాకుమా, సెకొండి, కొజోక్రోమ్, షామా దాకా వస్తాను. కొట్టుకు రావాలంటే పాత టైర్ల షెడ్డు దగ్గర దిగి, సిమెంటు ఇటుకల షెడ్డు పక్క సందులోకి తిరగండి. అంతే. నాణ్యత అన్న మాట రాయనా అని ఫీఫీ అడిగితే, వద్దు, అది అతుకులో చూస్తారు అంది.

బోర్డు సంగతి వచ్చేసరికి ఆమె మొరాయించింది. మావయ్య పెట్టిన పేరు తీయనంది. తీయొద్దు, పని పేరు కలుపు చాలు అన్నాడు ఫీఫీ. బోర్డు మీద ఉన్నదీ మ్యాపులో ఉన్నదీ ఒక్కటే కావాలి మరి. చివరికి ఎంటర్‌ప్రైజ్ అన్న ముక్క మీద రంగు పూయించి, 'ఆయన వేళే మేలు - ఫ్రీజర్ల రిపేరు' అని రాయించింది. రోడ్డు మీదికి బాణం గుర్తుతో ఒక చిన్న బోర్డు కూడా పెట్టింది. ఇటుకలవాళ్ళు తమ గుట్ట మీద చోటిచ్చారు.

మిగిలింది ఎకువా అత్త. పొగడ్తలు రాసినవాళ్ళే చెరపాలి. అంటే దీవించిన మనిషి దగ్గరికి వెళ్ళి, నీ దీవెన వెనక్కి తీసుకో అనాలి. అరబా దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. చివరికి వెళ్ళేసరికి ఎకువా అత్త చేపల పెట్టెల మధ్య కూర్చుని ఉంది. అరబా చెప్పింది విని, చేతిలో కత్తి కింద పెట్టింది.

"నా నోటితో ఇచ్చిన దీవెన నన్నే మింగమంటావా?"

"దీవెన నా దగ్గరే ఉంటుంది అత్తా. రాత ఒక్కటే తీసెయ్యమంటున్నా."

"ఆ ఫోన్లో కూర్చున్నవాడికి దీవిస్తే నొప్పేంటి?"

"వాడికి దీవెనలు తెలీవు. ఫ్రీజర్లు బాగుచేస్తుందా లేదా అని అడుగుతున్నాడు. మనమేమో ఆమెన్ అంటున్నాం."

చుట్టూ చేపలు తోముతున్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఎకువా అత్త నవ్వలేదు. పెద్దదాన్ని సంఘంలో నిలబెట్టి తలదించుకునేలా చేశావు అంది. అరబా నేల మీద కూర్చుని, తప్పు తనదేనని, అడిగింది తనేనని, ఎవరేం రాయాలో ముందే చెప్పి ఉండాల్సిందని ఒప్పుకుంది. ఫ్రీజరు నిజంగా బాగుచేయించుకున్నవాళ్ళు మాత్రం, జరిగింది జరిగినట్టు, వాళ్ళకు తీరిక దొరికినప్పుడు, ఎవరింట్లో వాళ్ళు రాస్తే చాలంది.

"జరిగింది జరిగినట్టా?" అంది ఎకువా అత్త. "అయితే క్రిస్మస్ ముందు పొద్దున వస్తానని సాయంత్రం వచ్చావు. అదీ రాస్తాను."

"రాయి అత్తా."

ఎకువా అత్త అన్నంత పనీ చేసింది. ముందు సంఘంలో లేచి, అందరూ రాసినవి తీసేయండి అని చెప్పింది, మొహం చిట్లించుకునే. తర్వాత తనే రాసింది. మూత చుట్టూ రబ్బరు పోయి చలి బయటికి పోతుంటే, వేరేవాళ్ళు కంప్రెసర్ మార్చమన్నారు, అరబా రబ్బరు మాత్రమే మార్చింది, ఆలస్యంగా వచ్చింది, చేపలు మాత్రం పాడవలేదు. నాలుగు నక్షత్రాలు ఇచ్చింది. ఐదోది ఆ సాయంత్రానికి తగ్గించానంది. మిగతావాళ్ళూ ఒకరి వెనక ఒకరు, వారానికొకరు పది రోజులకొకరు రాశారు. ఒకామె ఏ గొట్టం ఎక్కడ పగిలిందో బొమ్మ కూడా పెట్టింది.

కొట్టు ఉందని చూపించే వీడియో ఫీఫీ తీశాడు. రోడ్డు దగ్గర మొదలుపెట్టి, బాణం బోర్డు, సందు, కొత్త బోర్డు, అరబా తాళం తీయడం, లోపల పంపు, గేజీలు, గొట్టాల చుట్టలు. ఇటుకలవాళ్ళు పని ఆపేసి వరసగా నిలబడి చేతులూపారు. అది కూడా వీడియోలో పడింది. మళ్ళీ తీద్దామా అంటే అరబా వద్దంది. వాళ్ళు అక్కడ ఉన్నమాట నిజమే కదా అంది.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. టెమా నుంచి అంక్రా ఒకసారి ఫోన్ చేసి గుర్తుచేశాడు. సముద్రం మీద మబ్బులు గుంపుకట్టడం మొదలైంది. తర్వాత ఒక పొద్దున మ్యాపులో ఆమె గుర్తు తిరిగొచ్చింది. పైకేం రాలేదు, ఫిజై దుకాణం కింద, మూసేసిన కొట్టు కిందే ఉంది. ఆ కొట్టు మూసేశారని ఫీఫీ మ్యాపువాళ్ళకు చెప్పి పంపాడు, అది ఇంకా పోలేదు. అయినా ఎఫియాకుమాలో నిలబడి వెతికితే ఇప్పుడు అరబానే ముందు వస్తోంది. వారానికి ఒకరిద్దరు కొత్త మొహాలు ఇటుకల గుట్టల మధ్యనుంచి తొంగిచూడసాగారు. మొదట వచ్చినాయన, ఆలస్యంగా వచ్చిందని రాసిన మాట చదివే వచ్చానన్నాడు. అబద్ధాలు రాయించుకునేదైతే అది ఉండనిచ్చేదా అన్నాడు.

మొదటి వాన పడ్డ రోజు షామా నుంచి ఎవరో ఒకామె ఫోన్ చేసింది. పొగపెట్టిన చేపల వ్యాపారం, పెద్ద ఫ్రీజరు, లోపల రేపటి సరుకు. కరెంటు పోయి వచ్చింది, ఫ్రీజరు రొద పెడుతోంది, చల్లబడటం లేదు, ఫోన్లో వెతికితే నువ్వు రాసింది దొరికింది, అంది.

"ఒక ముద్ద కెంకీ తిని తీగ పెట్టమన్నావు కదమ్మా. రెండో ముద్ద కూడా అయిపోయింది. అది ఇంకా లేవలేదు."

అరబాకు నవ్వాగలేదు. ఇక తినకు, తీగ ఊడదీసి ఉంచు, మూత తెరవకు, వస్తున్నా అంది. పంపు, గేజీలు, కంప్రెసర్‌ను లేపే రిలేలు రెండు రకాలవి సంచిలో వేసుకుని, కొట్టుకు తాళం వేసి, వానలోనే రోడ్డెక్కి ట్రోట్రో ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకుంది. బండి కొజోక్రోమ్ దాటాక ఫోన్ తీసి, టెమాకు తనే చేసింది.

అంక్రా ముందు అర్థంకానట్టు, జీతం చాలదా అని అడిగాడు. జీతం బాగుంది సార్, మీరు అడిగినందుకు సంతోషం, నేను రాలేను, అంది అరబా. షామాలో ఒకామె ఎదురుచూస్తోంది, ఇప్పుడు అక్కడికే వెళ్తున్నానంది. టకొరాడిలో మాకూ చిన్న గిడ్డంగి ఉంది, అక్కడ యంత్రం ఆగిపోతే నిన్ను ఎలా పట్టుకోవాలి, నీ కొట్టు కూడా కనపడలేదన్నారు మావాళ్ళు, అన్నాడు.

"ఫోన్లో వెతకండి సార్. దొరుకుతాను," అంది అరబా, అని, తను దిగాల్సిన చోటు దాటిపోతోందని చూసి, తలుపు దగ్గర వేలాడుతున్న కండక్టరును ఆపమని కేకేసింది.